పని అడిగితే రసీదు ఇవ్వాలి: పేదరికాన్ని హక్కుల వైపు నుంచి చూస్తే

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీని ప్రారంభించారు. వేరుశనగ చేతికి రాకపోతే బెంగళూరు బస్సెక్కే ఊళ్లున్న జిల్లా అది. కరువొచ్చినప్పుడు ప్రభుత్వం పనులు పెట్టడం అక్కడ కొత్తేమీ కాదు. బ్రిటిష్ కాలం నుంచీ రోడ్లకు కంకర కొట్టించడం, చెరువుల్లో మట్టి ఎత్తించడం ఉన్నదే. కాకపోతే అప్పట్లో పనులు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో పై అధికారులు తేల్చేవారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆ నిర్ణయాన్ని కూలీ చేతికిచ్చింది. ఆమె పని అడిగిన 15 రోజుల్లోగా చూపించాలి, లేదంటే నిరుద్యోగ భృతి కట్టాలి.

పేదరికాన్ని తగ్గించడంలో మానవ హక్కుల పద్ధతి గురించి ఐక్యరాజ్య సమితి పత్రాల్లో చాలా ఉంది. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం తిండి, బట్ట, ఇల్లు, వైద్యంతో సహా తగిన జీవన ప్రమాణం ప్రతి మనిషికీ హక్కు అని చెప్పింది. 1966లో వచ్చిన ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. ఇవన్నీ అవసరమే. కానీ ఊళ్లో నిలబడి చూస్తే ఈ పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరు? మామూలు పథకంలో డబ్బు అయిపోతే నష్టపోయేది లబ్ధిదారు. జాబితాలో పేరు రాకపోతే వచ్చే ఏడాది దాకా ఆగడం తప్ప దారి లేదు. హక్కు అన్నాక ఆ నష్టం ఇవ్వాల్సిన వాళ్ల మీద పడాలి. అలా పడకపోతే దాని పేరు ఏదైనా, అది పథకమే.

మన రాజ్యాంగం రాసినప్పుడు బతుకుతెరువును కోర్టులో అడగగలిగే హక్కుల్లో చేర్చలేదు. తగిన జీవనాధారం గురించి 39వ అధికరణం, పని హక్కు గురించి 41వ అధికరణం ఆదేశిక సూత్రాల్లో ఉన్నాయి. అందులోనూ పని హక్కుకు 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న షరతు ఉంది. ఈ రెండింటికీ కోర్టు తలుపు తెరిచింది 1980ల తీర్పులు. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల కేసులో, ఓల్గా టెల్లిస్ కేసుగా పేరుపడ్డ 1985 తీర్పులో, బతుకుతెరువు తీసేస్తే ప్రాణం తీసినట్టేననీ, జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందనీ సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే తీర్పు ఆ గుడిసెలను శాశ్వతంగా కాపాడలేదు. వానాకాలం పోయాక తొలగించుకోవచ్చంది. హక్కును గుర్తించడం ఒకటి, దాన్ని నిలబెట్టడం ఇంకొకటి అని ఆ కేసు అప్పుడే చూపించింది.

కూలీల వైపు నుంచి చూస్తే అంతకంటే ముఖ్యమైనవి ఇంకో రెండు తీర్పులు. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో జస్టిస్ పి.ఎన్. భగవతి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని అన్నారు. కొరడా పట్టుకుని నిలబడితేనే బలవంతం కాదు, ఆకలి మనిషిని ఏ కూలికైనా ఒప్పిస్తే అదీ బలవంతమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాది రాజస్థాన్ కరువు పనుల మీద సంజిత్ రాయ్ కేసు వచ్చింది. అజ్మీర్ జిల్లాలో రోడ్డు పని చేస్తున్న కూలీలకు ముఠాగా చేసిన పనిని కొలిచి కనీస వేతనం కంటే తక్కువ చేతిలో పెడుతున్నారు. కరువులో ఆదుకోవడానికి పెట్టిన పని కాబట్టి కార్మిక చట్టాలు వర్తించవని రాష్ట్రం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. కూలీలు చెమటోడ్చి రోడ్డు వేస్తున్నారు, ఆ రోడ్డు ప్రజలకు మిగులుతుంది, ఇందులో దానం ఎక్కడుందని అడిగింది.

తెలుగు నేల మీద ఈ వాదన ఎందుకు అంత ముఖ్యమో పాలమూరు వలసలు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా కుటుంబం అంతా డ్యాం దగ్గరో రోడ్డు దగ్గరో ఉండాలి. వెట్టి చాకిరీ నిషేధ చట్టం 1976 నుంచీ ఉంది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఆంధ్రప్రదేశ్‌లో దాని అమలుకు పట్టుబట్టి పని చేశారు. కానీ ఊళ్లో ఇంకో పని దొరకనంతకాలం మేస్త్రీ అడ్వాన్సును కాదనగలిగే కుటుంబాలు తక్కువ. వెట్టిని నిషేధించే చట్టానికి కాళ్లు రావాలంటే సొంత ఊళ్లో పని దొరుకుతుందన్న భరోసా ఉండాలి. 1972 కరువులో మహారాష్ట్ర మొదలుపెట్టి, తర్వాత చట్టంగా చేసిన ఉపాధి హామీ దేశానికి ఆ దారి చూపింది. 2005లో పార్లమెంటు ఆమోదించిన చట్టం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి గ్రామీణ జిల్లాలన్నీ.

2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం ఆమోదించింది, ఆ సంగతి తర్వాత. ముందు ఈ పాత చట్టం నిర్మాణం జాగ్రత్తగా చూడదగ్గది. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని. ఊరికి 5 కిలోమీటర్ల లోపు చూపించాలి, అంతకంటే దూరమైతే కూలి మీద పదో వంతు అదనం. పని పొందేవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కాంట్రాక్టర్లు ఉండకూడదు. పని దగ్గర తాగునీళ్లు, నీడ, మందుల పెట్టె, పసిపిల్లలను చూసుకునే మనిషి ఉండాలి. 15 రోజుల్లో కూలి పడాలి. పని చూపించకపోతే మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం చొప్పున భృతి. ఎవరు, ఎంత, ఎప్పటిలోగా, లేదంటే ఏమిటి అన్నవన్నీ రాసిపెట్టారు. మామూలు సంక్షేమ పథకాల్లో కనిపించనిది ఇదే.

ఇదంతా నిలబడేది ఒక చిన్న కాగితం మీద. పని కావాలని రాసిచ్చిన దరఖాస్తుకు తేదీ వేసి ఇచ్చే రసీదు అది. 15 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. రసీదు లేకపోతే గడువు లేదు, గడువు లేకపోతే భృతి లేదు. ఇక్కడే చట్టంలో ఒక లోపం ఉంది. కూలి డబ్బు మొత్తం కేంద్రం ఇస్తే, భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానా నుంచి కట్టాలి. రసీదు ఇవ్వాల్సింది కూడా రాష్ట్రం కింద పనిచేసే మనుషులే. అంటే తేదీ వేసి రసీదు ఇవ్వడమంటే రాష్ట్రం తనమీద తాను ప్రామిసరీ నోటు రాసుకోవడమే. అందుకే చాలాచోట్ల దరఖాస్తు నోటిమాటగా మిగిలిపోతుంది. పని మంజూరయ్యాక, ఎవరెవరు వస్తారో తెలిశాక ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ఆ పేర్లను కంప్యూటర్లో 'డిమాండ్' కింద ఎక్కిస్తాడు. రికార్డులో అడిగినవాళ్లందరికీ సమయానికి పని దొరికినట్టే ఉంటుంది. భృతి చెల్లింపులు దేశమంతటా నామమాత్రంగా ఉండటానికి కారణం ఇదే తప్ప, అందరికీ పని దొరకడం కాదు.

ఆలస్యానికి పరిహారం సంగతీ ఇంతే. 15 రోజులు దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున ఇవ్వాలి. 2,000 రూపాయల కూలి నెల రోజులు ఆలస్యమైతే వచ్చేది 30 రూపాయలు. ఆ మధ్యలో ఇల్లు గడవడానికి కూలీ చేసే అప్పుకు ఊళ్లో వడ్డీ నూటికి రెండో మూడో. పైగా ఆలస్యంలో కేంద్రం వల్ల జరిగిన భాగాన్ని లెక్కలోకే తీసుకోకపోవడం చాలాకాలం నడిచింది. 2018లో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఫైలు ఏ ఆఫీసులో ఆగిందన్నది కూలీకి సంబంధం లేని విషయం, పని చేసిన మనిషికి 15 రోజుల్లో డబ్బు రావాల్సిందే అంది. హక్కుల పద్ధతికి ఇంతకంటే సూటి నిర్వచనం దొరకదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ చట్టానికి చేసిన పెద్ద మేలు సామాజిక తనిఖీ. దాని మూలం రాజస్థాన్‌లో ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1990లలో మస్టర్ రోళ్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, ఊరి నడిబొడ్డున చదివించి, చనిపోయినవాళ్ల పేర్ల మీద కూడా కూలి డ్రా అయిందని బయటపెట్టింది. సమాచార హక్కు చట్టానికి దారి వేసింది ఆ సభలే. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచితే, ఆంధ్రప్రదేశ్ 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీనే పెట్టింది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలను ఎంచి, శిక్షణ ఇచ్చి, తమది కాని ఊళ్లకు పంపుతారు. వాళ్లు మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల జాబితా తీసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. 'ఫలానా వారం ఆరు రోజులు పని చేశావని రాసి ఉంది, చేశావా అమ్మా?' అని అడుగుతారు. ఆ వారం పుట్టింట్లో ఉన్నానని ఒకామె చెబుతుంది. పేరు తనదే గానీ బ్యాంకు ఖాతా తనది కాదని ఇంకొకాయన అంటాడు. తర్వాత టేపు పట్టుకుని కందకాల దగ్గరికి వెళ్లి పొడవు, వెడల్పు, లోతు కొలిచి పుస్తకంలోని అంకెలతో సరిచూస్తారు. గ్రామసభలో అన్నీ చదువుతారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక. టెంటు కింద ఒకవైపు కూలీలు, ఎదురుగా అధికారులు. రాసిన ఆరోపణకు అక్కడికక్కడే సంజాయిషీ అడుగుతారు, ఎంత రికవరీ చేయాలో తేలుస్తారు.

దీని లోపాలూ చెప్పుకోవాలి. తేల్చిన మొత్తంలో తిరిగి వసూలయ్యేది కొద్ది భాగమే. శిక్ష ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంటు, పని దగ్గర కూలీల గుంపును చూసుకునే మేట్ దగ్గరే ఆగిపోతుంది. కొలతల మీద సంతకం పెట్టినవాళ్లు, బిల్లు పాస్ చేసినవాళ్లు చాలాసార్లు హెచ్చరికతో బయటపడతారు. తనిఖీ సంస్థకు డబ్బు ఇచ్చేది, అది తప్పులు వెతకాల్సిన శాఖే కావడం ఇంకో చిక్కు. అయినా ఈ తనిఖీకి డబ్బుతో కొలవలేని విలువ ఉంది. నిన్నటిదాకా ఎంపీడీవో ఆఫీసు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, మైకు పట్టుకుని నా ఆరు రోజుల కూలి ఎక్కడ అని అడగడం ఊళ్లో బలాబలాలను మారుస్తుంది. ఆ మార్పు ఏ నివేదికలోనూ అంకెగా కనిపించకపోవచ్చు, కానీ తర్వాతి ఏడాది మస్టర్ రాసేవాడికి అది గుర్తుంటుంది.

ఇంతకీ పేదరికం తగ్గిందా? ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డులతో కూలి చెల్లింపులు మెరుగుపరిచినప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో అధ్యయనం చేశారు. చెల్లింపులు సరిగా జరిగిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో అత్యధిక భాగం ఉపాధి హామీ కూలి నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. ఇంకో పని దొరుకుతుందని తెలిసిన కూలీకి రైతు దగ్గరా, మేస్త్రీ దగ్గరా బేరమాడే శక్తి వచ్చింది, కూలి రేట్లు పెరిగాయి. హక్కు చేసే పని ఇలాగే ఉంటుంది. దాన్ని వాడుకున్నవాళ్లకే కాదు, వాడుకునే అవకాశం ఉందని తెలిసినవాళ్లందరికీ మేలు జరుగుతుంది.

దీనికి ఎదురు వాదన ఊళ్లలో రోజూ వినిపిస్తుంది. నాట్లప్పుడు కూలీలు దొరకడం లేదు, రేట్లు పెంచేశారు, ఉపాధి పని వ్యవసాయాన్ని దెబ్బ తీసిందంటారు. రెండెకరాల రైతు బాధలో నిజం ఉంది. పెట్టుబడి పెరిగి, పంట ధర పెరగకపోతే ఆ భారం అతని నెత్తినే పడుతుంది. కానీ అదే రెండెకరాల రైతు కుటుంబానికి చాలాచోట్ల జాబ్ కార్డు కూడా ఉంది, వేసవిలో ఆ ఇంట్లోవాళ్లూ పలుగు, పార పట్టుకుని వెళ్తారు. పైగా మన దగ్గర ఉపాధి పనులు ఎక్కువగా జరిగేది పొలం పని లేని ఎండాకాలంలోనే. రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వలేని వ్యవస్థ, కూలికి పని లేకుండా చేసి ఆ లోటు పూడ్చాలనుకోవడం న్యాయం కాదు. ఇద్దరిలో ఒకరి ఆకలి మీద ఇంకొకరి సాగు నడవకూడదు.

గత కొన్నేళ్లుగా ఈ హక్కు అరిగిపోతూ వచ్చిన తీరు నిజంగా ఆందోళన కలిగిస్తుంది. 100 రోజులు చట్టంలో ఉన్నా, కొవిడ్ వల్ల ఊళ్లు నిండిపోయిన 2020-21లో కూడా కుటుంబానికి సగటున దొరికింది 52 రోజుల లోపే. బడ్జెట్ ఏడాది మధ్యలోనే అడుగంటడం, పాత బకాయిలు కొత్త కేటాయింపును మింగేయడం మామూలైపోయింది. 2023 నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. పొద్దున్నే వెళ్లి కొలత ప్రకారం పని ముగించుకున్నవాళ్లు రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాలి. ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ లేకపోతే ఆ రోజు కూలికే టెన్షన్. 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో ముడిపడిన చెల్లింపు తప్పనిసరైంది. మన పేర్ల సంగతి తెలిసిందే. జాబ్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో పెళ్లికి ముందు ఇంటిపేరు ఉంటుంది. ఈ తేడాలను సరిదిద్దడం కంటే కార్డు తీసేయడం తేలిక. 2022-23 ఒక్క ఏడాదిలో దేశమంతటా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల్లోంచి తొలగించారు. వాటిలో బోగస్ పేర్లూ ఉంటాయి. కానీ తీసేసేముందు నోటీసు ఇవ్వకుండా, గ్రామసభలో చదవకుండా ఒక మనిషి హక్కును కంప్యూటర్లో తుడిచేయడం ఏ చట్టం ప్రకారమూ సరైంది కాదు.

పశ్చిమ బెంగాల్‌లో జరిగింది ఇంకా తీవ్రమైనది. అవకతవకలు జరిగాయని 2022 మార్చి నుంచి కేంద్రం ఆ రాష్ట్రానికి నిధులు ఆపేసింది. తప్పు చేసినవాళ్లు అధికారులు, నాయకులు. శిక్ష పడింది చేసిన పనికి కూలి రాని మనుషులకు. కలకత్తా హైకోర్టు 2025లో పనులు తిరిగి మొదలుపెట్టాలని ఆదేశించేదాకా మూడేళ్లకు పైగా రాష్ట్రమంతటా కూలీలు ఆ హక్కు లేకుండానే ఉన్నారు. మానవ హక్కుల చట్టంలో ఒక మూలసూత్రం ఉంది. ఒకసారి ఇచ్చిన హక్కును, గట్టి కారణం చూపకుండా ప్రభుత్వం వెనక్కి లాక్కోకూడదు. బెంగాల్ విషయంలో కారణం చూపారు గానీ, దాన్ని చూపించింది తప్పు చేయనివాళ్ల మీద.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికసిత్ భారత్ – గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) చట్టాన్నీ ఈ సూత్రం మీదే పరీక్షించాలి. ఇది పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో వచ్చింది. రోజులను 125కు పెంచింది, అది మంచిదే. కానీ ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, అంతకు మించి ఖర్చయితే రాష్ట్రమే భరించాలి. చాలా రాష్ట్రాలకు ఖర్చు 60:40 నిష్పత్తిలో పంచారు. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపవచ్చు. పాత చట్టంలో కూలీ పని అడిగితే డబ్బు కదలాలి. ఇక్కడ డబ్బు ఉన్నంతవరకే కూలీ పని అడగాలి. మొదటి పేరాలో చెప్పుకున్న నిర్ణయాధికారం మళ్లీ పైకి వెళ్లిపోతుందన్నది ఈ చట్టం మీద అసలు అభ్యంతరం. 60 రోజుల విరామం ఇంకా సూటిగా దెబ్బ తీస్తుంది. బయటి కూలి రేటు కుదిరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు ఇంకో పని లేకపోతే బేరమాడే శక్తి పోతుంది, 157 మండలాల అధ్యయనంలో కనిపించిన మేలు అంతా దాని మీదే వచ్చింది.

హక్కుగా మారని బతుకుతెరువు ఎలా ఉంటుందో చూడాలంటే కౌలు రైతు దగ్గరికి వెళ్లాలి. గోదావరి జిల్లాల్లో పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లే. 2011లో ఆంధ్రప్రదేశ్ వాళ్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. దాన్ని తీసేసి 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టంలో 11 నెలల కార్డు రావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఎక్కడ భూమి మీద హక్కు అడుగుతారోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, అరక పట్టినవాడికి కాదు. కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు రుణం రాదు, పంట పోతే పరిహారం రాదు, అప్పుల్లో ప్రాణం తీసుకుంటే ఆయన రైతేనని నిరూపించుకోవడానికి భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇక్కడ లోపించింది డబ్బు కాదు, ఖజానా నుంచి డబ్బు బాగానే వెళ్లింది. ఎవరి హక్కును ఎవరి సంతకం మీద ఆధారపడేలా పెట్టారన్నదే సమస్య.

కొత్త చట్టం కింద రాష్ట్రాలు తమ సొంత పథకాలు రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు చేయగలిగింది ఇంకా చాలా ఉంది. పని అడిగిన రోజే, దరఖాస్తు నోటిమాటగా ఇచ్చినా ఫోన్‌లో ఇచ్చినా, తేదీతో కూడిన రసీదు దానంతటదే వచ్చేలా పెట్టవచ్చు. 16వ రోజు నుంచి భృతి ఎవరూ అడగకుండానే ఖాతాలో పడేలా చేయవచ్చు. పేరు తొలగించేముందు గ్రామసభలో చదవాలని రాయవచ్చు. తనిఖీ సంస్థకు నిధులు గ్రామీణాభివృద్ధి శాఖ చేతిలో లేకుండా చూడవచ్చు. ప్రజావేదికలో రికవరీ తేలినప్పుడు బిల్లు పాస్ చేసినవాళ్ల జీతం నుంచీ వాటా కోయవచ్చు. 60 రోజుల విరామాన్ని రాష్ట్రమంతటికీ ఒకేసారి ప్రకటించకుండా, ఏ మండలంలో నాట్లు ఎప్పుడు పడతాయో చూసి, పొలం పని దొరకని మెట్ట మండలాల్లో అసలు పెట్టకుండా ఉండవచ్చు.